నిక్కర్ తడిసిన తర్వాత ఐదు నిమిషాలు: స్కూల్ నర్సు నుంచి ఆయమ్మ దాకా

ఈరోజు టాపిక్ చెప్తే కొంతమంది నవ్వుతారు, కొంతమంది ఛీ అంటారు. అయినా చెప్తా. ఒకటో తరగతి పిల్లోడు క్లాసులో కూర్చున్నచోటే నిక్కర్ తడిపేసుకున్నాడు. ఆ తర్వాత ఐదు నిమిషాల్లో ఏం జరుగుతుంది? ఎవరు వస్తారు? ఎవరు కడుగుతారు? నమ్మండి, దీనికి కూడా ఒక చరిత్ర ఉంది. సుమారు 130 ఏళ్ళ చరిత్ర. లండన్‌లో మొదలై, న్యూయార్క్ పోయి, బరోడా చేరి, మన బనగానపల్లె లాంటి ఊర్ల బడి దాకా రావాల్సిన చరిత్ర. మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. యాడ ఆగిందో చూద్దాం.

ముందు మన దగ్గర సంగతి. మన పక్క బళ్ళు ఎట్లుంటాయో మీకు తెలుసు. రాయికి కొదవ లేని సీమ, అందుకే ఇల్లయినా బడయినా కింద నాపరాయి బండలే. బండ మీద పడిన నీళ్ళు ఇంకవు. సందుల్లో పడి పారుకుంటా ముందు వరస దాకా పోతాయి. అంటే క్లాసులో ఎవరైనా ఒంటేలు పోసుకుంటే దాచుకునే వీలే లేదు. పక్కనోడు ఎగిరి లేస్తాడు. "సార్, వీడు పోసుకున్నాడు సార్!" అంతే, ఆ పిల్లోడికి ఆరోజుతో పేరు మారిపోతుంది. వాడు బీటెక్ చేసి, ఉద్యోగం చేసి, పిల్లల్ని కన్నా, ఊర్లో పాత దోస్తులకు ఆ పేరుతోనే గుర్తు.

మరి టీచర్ ఏం చేస్తారు? మన తరం వాళ్ళు చాలామంది విన్న మాట ఒకటుంది. "ఒరేయ్, వీళ్ళక్క నాలుగో తరగతిలో ఉంది, బిన్నా పిల్చకరా పో." ఆ అక్కకు తొమ్మిదేళ్ళు. లెక్కల క్లాసు మధ్యలో లేచి వస్తుంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని బోరింగ్ దగ్గరికి తీసుకుపోతుంది. కడుగుతుంది, నిక్కర్ పిండుతుంది, తడిదే మళ్ళీ తొడుగుతుంది. తిరిగి క్లాసుకొచ్చేసరికి బోర్డు మీద లెక్క చెరిపేసుంటారు. మన బళ్ళల్లో స్కూల్ నర్సు పని చేసింది ఆ అక్క. జీతం లేదు, ట్రైనింగ్ లేదు, పైగా తన చదువులోంచి కోత.

ఇప్పుడు రోంత సైన్స్. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో చెప్పడానికి డాక్టర్లు వాడే చిన్న లెక్క ఉంది. వయసుకు ఒకటి కలిపి, 30తో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. ఆరేళ్ళ పిల్లోడికి 210. అంటే ఒక స్టీలు గ్లాసుడు నీళ్ళు. ఎండాకాలం మన నంద్యాల జిల్లాలో ఆ పిల్లోడు పొద్దున్నుంచి ఎన్ని గ్లాసులు తాగాలి? ఇంటర్‌బెల్లు ఎన్నిసార్లు కొడతారు? లెక్క మీరే వేసుకోండి. రాత్రి పక్క తడిపే సంగతి కూడా ఇంతే. ఐదేళ్ళ పిల్లల్లో నూటికి 15 మంది దాకా తడుపుతారు. అందుకే ఐదేళ్ళు నిండేదాకా డాక్టర్లు దాన్ని సమస్య అని కూడా అనరు.

ఇంకో విషయం. మలబద్ధకం ఉన్న పిల్లలకు నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది, అందువల్ల ఆపుకోలేరు. మలబద్ధకం ఎందుకొస్తుంది? బడిలో బాత్రూముకు పోవడం ఇష్టం లేక పొద్దున్నుంచి బిగబట్టుకోవడం కూడా ఒక కారణం. అంటే బాత్రూము బాగలేకపోతే పిల్లలు ఆపుకుంటారు, ఆపుకునేకొద్దీ ఇట్లాంటివి ఎక్కువవుతాయి, అప్పుడు తిట్లు పడతాయి, తిట్లకు భయపడి అడగడం మానేస్తారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది లూప్. ఎవరో ఒకరు మధ్యలో బ్రేక్ వేస్తే గానీ ఆగదు.

ఆ బ్రేక్ వేసే మనిషిగా పుట్టిన ఉద్యోగమే స్కూల్ నర్సు.

1892లో లండన్‌లో ఏమీ హ్యూస్ అనే నర్సు బీదపిల్లల బడికి పోయి వాళ్ళ ఆరోగ్యం, తిండి చూడటం మొదలుపెట్టింది. 1898లో లండన్ స్కూల్ నర్సెస్ సొసైటీ అని ఒక సంస్థ కూడా వచ్చింది. కానీ అసలు కథ 1902 అక్టోబర్ 1న న్యూయార్క్‌లో. అప్పటికే అక్కడ బళ్ళకు డాక్టర్లు వచ్చి పోతున్నారు. వాళ్ళు చేసేది ఏందంటే, గజ్జి, తామర, కళ్ళ జబ్బు ఉన్న పిల్లలను పట్టుకోవడం, ఇంటికి పంపడం. అంతే. ఇంటికి పోయిన పిల్లకు మందు ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. పిల్ల వీధిలో ఆడుకుంటా ఉంటుంది, చదువు పోతుంది.

లిలియన్ వాల్డ్ అనే ఆవిడ ఇది చూసి, "ఒక నెల రోజులు మా నర్సును ఇస్తాం, చూడండి" అని నగరపాలక సంస్థకు చెప్పింది. ఆ నర్సు పేరు లీనా రోజర్స్. ఆమెకు అప్పజెప్పింది నాలుగు బళ్ళు. ఆమె పిల్లలను పంపేయలేదు. పుండు కడిగి కట్టు కట్టింది, తిరిగి క్లాసులో కూర్చోబెట్టింది, సాయంత్రం ఇంటికి పోయి అమ్మకు నేర్పింది. ఫలితం ఏందో తెలుసా? 1902 సెప్టెంబర్‌లో ఆరోగ్యం బాగలేదని బడి నుంచి పంపేసిన సందర్భాలు 10,567. ఏడాది తిరిగేసరికి, 1903 సెప్టెంబర్‌లో, 1,101. పదో వంతుకు పడిపోయింది. జబ్బులేమీ మాయమైపోలేదు. పిల్లను ఇంటికి తరమకుండా అక్కడే చూసుకునే మనిషి ఒకరు వచ్చారు, అంతే తేడా.

తడిసిన నిక్కర్ సంగతికీ ఈ సూత్రమే. నర్సులున్న దేశాల్లో ఈ పని ఎట్ల చేస్తారంటే, చాలా మామూలుగా చేస్తారు. పిల్లను గొడవ లేకుండా బయటికి పిలుస్తారు. గదిలో తలుపు దగ్గరేసి వేరే బట్టలు ఇస్తారు. చేతనైనంత వరకు పిల్లే మార్చుకుంటుంది, నర్సు సాయం మాత్రమే చేస్తుంది. తడిబట్ట కవర్లో కట్టి బ్యాగులో పెడతారు. పది నిమిషాల్లో పిల్ల క్లాసులో ఉంటుంది. తర్వాత నర్సు తన పుస్తకంలో రాసుకుంటుంది: ఎవరు, ఎప్పుడు, ఎన్నోసారి. ఆ రాసుకోవడం ఎందుకు ముఖ్యమో తర్వాత చెప్తా, గుర్తు పెట్టుకోండి.

మధ్యలో ఒక చిన్న కథ. 1904లో ఫాండ్లర్ అనే ఆస్ట్రియన్ పిల్లల డాక్టర్, ఆసుపత్రిలో ఏ పిల్ల పక్క తడిపిందో నర్సులకు వెంటనే తెలియాలని ఒక గంట అమర్చాడు. పక్క తడిస్తే కరెంటు పారి గంట మోగుతుంది. నర్సు వచ్చి దుప్పటి మారుస్తుంది. ఆయన అనుకున్నది అంతవరకే. కానీ కొన్నాళ్ళకు చూస్తే కొంతమంది పిల్లలు పక్క తడపడమే మానేశారు. గంటకు లేచి లేచి ముందే మెలకువ వచ్చేది. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దాన్నే చికిత్సగా మార్చారు. ఇప్పటికీ డాక్టర్లు ఆ అలారం రాస్తున్నారు. ఇందులో యాడా తిట్టు లేదు, దెబ్బ లేదు చూడండి.

సరే, ఇండియాకు వద్దాం. మన దేశంలో బడిపిల్లలకు మొదటిసారి వైద్య పరీక్షలు చేసింది 1909లో, బరోడా నగరంలో. బరోడా అప్పుడు ఒక సంస్థానం. బనగానపల్లె కూడా అప్పుడు సంస్థానమే, నవాబుల పాలన. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1960లో కేంద్ర ప్రభుత్వం రేణుకా రే అధ్యక్షతన స్కూల్ హెల్త్ కమిటీ వేసింది, 1961లో రిపోర్టు వచ్చింది. డాక్టరీ చదివేవాళ్ళ పుస్తకాల్లో బడికి కొలతలు కూడా ఉంటాయి: 60 మంది పిల్లలకు ఒక మూత్రశాల, 100 మందికి ఒక మరుగుదొడ్డి. పుస్తకంలో అంతా ఉంది.

ఊర్లో? "సార్, ఒంటేలుకు" అని చిటికెన వేలు చూపిస్తే, పోయేది బడి వెనక కంపచెట్ల చాటుకు. మగపిల్లలకు గోడ, ఆడపిల్లలకు సాయంత్రం దాకా ఆపుకోవడం. నీళ్ళు తాగితే పోవాల్సి వస్తుందని నీళ్ళే తాగని ఆడపిల్లలు ఎంతమందో మీ ఇంట్లో అక్కల్ని అడగండి. మనది కరువు సీమ. తాగడానికే బిందె పట్టుకుని బోరింగ్ దగ్గర లైన్‌లో నిలబడిన ఊర్లలో, బడి బాత్రూముకు నీళ్ళు అనేది ఎవరికీ మొదటి లెక్కలో రాలేదు.

తర్వాత చట్టాలు వరసగా వచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. బడిలో ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని అందులో రాసుంది. అదే చట్టంలో 17వ సెక్షన్ ఉంది, పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని. నిక్కర్ తడిపినోణ్ణి క్లాసు ముందు నిలబెట్టడం కూడా ఆ వేధింపు కిందికే వస్తుంది, గుర్తుంచుకోండి. 2012 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకు ఆరు నెలల గడువు పెట్టింది. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ఏడాది గడువు పెట్టారు. ఏడాదిలో 2.61 లక్షల బళ్ళల్లో 4.17 లక్షల మరుగుదొడ్లు కట్టామని కేంద్రం లెక్క చెప్పింది.

బ్రహ్మాండం కదా? ఆగండి. 2020లో కాగ్ రిపోర్టు వచ్చింది. ప్రభుత్వ రంగ కంపెనీలు బళ్ళల్లో కట్టిన మరుగుదొడ్లను 15 రాష్ట్రాల్లో పోయి చూశారు. చూసినవాటిలో 72 శాతం వాటికి లోపల కుళాయి నీళ్ళు లేవు. రోజుకు ఒక్కసారైనా కడగాలన్న నియమం 75 శాతం చోట్ల పాటించలేదు. గది కట్టారు, నీళ్ళు మరిచారు, కడిగే మనిషిని మరిచారు.

మన రాష్ట్రంలో ఈ రెండో తప్పు దిద్దే పని కొంత జరిగింది, ఒప్పుకోవాలి. 2019 నవంబర్ 14న నాడు-నేడు మొదలైంది. బళ్ళల్లో చేయాల్సిన పనుల లిస్టులో నీళ్ళు పారే మరుగుదొడ్లు ఒకటి. 2021లో టాయిలెట్ నిర్వహణ నిధి వచ్చింది. ఆ డబ్బు యాడినుంచి? అమ్మ ఒడి 15,000లోంచి 1,000 పట్టుకుని. ఇప్పుడు తల్లికి వందనంలో కూడా 13,000 అమ్మ ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు అని పద్ధతి. అంటే బడి బాత్రూము కడిగే ఖర్చులో మీ అమ్మ వాటా ఉంది. ఆ నిధితో బడికి ఆయాలను పెట్టారు. నెలకు 6,000 రూపాయలు.

ఆమెనే మనం ఆయమ్మ అంటాం.

ఈ మాట యాడినుంచి వచ్చిందో తెలుసా? పోర్చుగీసు భాషలో "అయా" అంటే పిల్లల్ని చూసుకునే ఆవిడ. అది మన దేశంలో ఆయా అయింది. తెల్లదొరల కాలంలో వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని పెంచింది, కడిగింది, నిద్రపుచ్చింది ఆయాలే. ఓడల మీద ఆ పిల్లల్ని ఇంగ్లండ్ దాకా తీసుకుపోయారు. అక్కడికి పోయాక పని అయిపోయిందని వదిలేస్తే దిక్కులేక ఉన్న ఆయాల కోసం లండన్‌లో ఆయాస్ హోమ్ అని ఒక ఇల్లు నడిచింది. 2022లో లండన్‌లో ఆ ఇంటికి గుర్తుగా నీలం ఫలకం పెట్టారు.

ఇప్పుడు చూడండి. దొర పిల్లోడికి ఆయా అంటే పిల్లోణ్ణి చూసుకునే మనిషి. మన పిల్లోడికి ఆయమ్మ అంటే బాత్రూము కడిగే మనిషి. మాట అదే, పని మారిపోయింది. ఆమె పని కాగితం మీద చదివితే అందులో బ్రష్ ఉంటుంది, ఫినాయిల్ ఉంటుంది, రోజుకు ఎన్నిసార్లు కడగాలో ఉంటుంది. పిల్ల ఉండదు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు ఇది ఇంకో రకంగా కనిపిస్తుంది. ఏది కొలుస్తామో అదే బాగుపడుతుంది. కొన్నేళ్ళు బడి బాత్రూముల ఫోటోలు టీచర్లు యాప్‌లో ఎక్కించారు. మేము పాఠం చెప్పాలా, బాత్రూము ఫోటోలు తీయాలా అని వాళ్ళు మొత్తుకుంటే, 2024లో ఆ పని తీసేశారు. ఆ యాప్ ఉన్నప్పుడు గానీ, ఇప్పుడు గానీ, "ఈ వారం ఎంతమంది పిల్లలకు బట్టలు మార్చాల్సి వచ్చింది" అనే గడి యాడా లేదు. గోడ కొలిచాం, గుంత కొలిచాం, పిల్లోణ్ణి కొలవలేదు.

మరి నర్సు? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. ఆ టీంలో డాక్టర్లు, ఏఎన్ఎం ఉంటారు. బడికి ఏడాదికి ఒకసారి రావాలి. మంచిదే, గుండె జబ్బు, కంటి చూపు లాంటివి దొరుకుతాయి. కానీ సోమవారం పదకొండు గంటలకు తడిసిన నిక్కర్ ఏడాదికి ఒకసారి వచ్చే టీం కోసం ఆగదు కదా. గురుకులాల్లో కొన్నిచోట్ల నర్సు ఉంటారు, అక్కడ పిల్లలు రాత్రిళ్ళు కూడా ఉంటారు కాబట్టి. మన ఊరి ప్రాథమిక బడిలో మాత్రం రోజూ ఉండే పెద్ద మనుషులు టీచర్లు, వంట చేసే అక్కలు, ఆయమ్మ. ఇంతే.

ఇక్కడ ఒక చేదు నిజం మాట్లాడుకోవాలి. పిల్లోణ్ణి కడగడం నా పని కాదు అని ఒకరు అంటారు, నాదీ కాదు అని ఇంకొకరు అంటారు. ఇది ఎవరి పని అనే ప్రశ్న వెనక మన దగ్గర కులం నిలబడి ఉంటుంది. పాకీ పని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం తేవాల్సి వచ్చిన దేశం మనది. ఆ చూపుతోనే ఆయమ్మను కూడా చూస్తాం. అందరి పిల్లల మురికి ఎత్తే మనిషిని స్టాఫ్ రూంలో కుర్చీ మీద కూర్చోమనే బళ్ళు ఎన్ని ఉన్నాయి?

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్న విషయం. రాసుకోవడం. పిల్ల ఒకసారి తడిపితే అది మామూలు సంగతి. అప్పటిదాకా బాగున్న పిల్ల ఉన్నట్టుండి మళ్ళీ మళ్ళీ తడుపుతుంటే అది కబురు. నీళ్ళు తెగ తాగుతా, బక్కచిక్కిపోతా ఉంటే చిన్నపిల్లల్లో వచ్చే షుగర్ కావచ్చు. దాన్ని సమయానికి పట్టుకోకపోతే ప్రాణం మీదికొస్తుంది. మంటగా ఉంది అంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. ఒక మనిషిని చూసినా, ఒక చోటికి పొమ్మన్నా భయపడుతుంటే, ఆ పిల్లను ఎవరో ఇబ్బంది పెడుతున్నారేమో మెల్లగా అడగాలి. అవసరమైతే 1098కి ఫోన్ చేయాలి. న్యూయార్క్ నర్సు ఇవన్నీ పుస్తకంలో చూసి పట్టుకుంటుంది. మన బడిలో ఈ కబురు మొదట తెలిసేది ఆయమ్మకే. ఆమెను అడిగేవాళ్ళే లేరు. నా మాట ఏందంటే, నర్సు వచ్చేదాకా కూర్చోవాల్సిన పని లేదు. ఆయమ్మ పని కాగితంలోకి పిల్లోణ్ణి మళ్ళీ తేవాలి.

దానికి ఖర్చు ఎంత? ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో వేరువేరు సైజుల నిక్కర్లు నాలుగు, లెగ్గింగులు నాలుగు, రెండు టవల్స్, సబ్బు, చేతికి గ్లౌజులు, కవర్లు. మన ఇళ్ళల్లో పొట్టయిపోయిన బట్టలే చాలు. ఒక నోటు పుస్తకం, అది హెచ్ఎం బీరువాలో ఉండాలి, పది మంది చదవకూడదు. ఏఎన్ఎం వచ్చి ఆయమ్మకు, ఒకటి రెండు తరగతుల టీచర్లకు ఒక పూట నేర్పించాలి: ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, పిల్ల ఒంటరిగా కాకుండా ఇంకో పెద్దమనిషికి తెలిసేలా ఎట్ల మార్చాలి, ఏ లక్షణం కనపడితే ఇంట్లో చెప్పాలి. ఈ పని ఆమె చేస్తోంది కాబట్టి దానికి తగ్గ జీతం ఇవ్వాలి. 6,000కు బాత్రూములూ కడిగి, నర్సు పనీ చేయమంటే అది ఇంకో రకం దోపిడీ.

కేరళలో 2019లో పిల్లలు నీళ్ళు తాగడానికి వాటర్ బెల్ అని మొదలుపెడితే, తర్వాత వేరే రాష్ట్రాలు కూడా అందుకున్నాయి. నీళ్ళు తాగడానికి గంట కొట్టినప్పుడు, బయటికి పోవడానికి కూడా అడక్కుండానే పంపాలి కదా. ఒకటో తరగతిలో గంటన్నరకు ఒకసారి అందరినీ లైన్‌గా పంపే బళ్ళల్లో ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఇది ఏ జీవో లేకుండా రేపే చేయొచ్చు.

మీలో చాలామంది పదో తరగతి, ఇంటర్, బీటెక్‌లో ఉన్నారు. మీరు చదివిన ప్రాథమిక బడి ఇప్పటికీ మీ వీధి చివర్నే ఉంటుంది. ఈ శనివారం ఒకసారి పోండి. ఇంట్లో ఉన్న చిన్న బట్టలు నాలుగు ఉతికి, మడత పెట్టి, హెచ్ఎం సార్‌తో మాట్లాడి ఇచ్చి రండి. ఆయమ్మ కనపడితే పేరు అడగండి. ఆ పేరు మీకు ముందే తెలుసా, లేదా, కింద కామెంట్‌లో నిజం రాయండి. ఫోటోలు వద్దు, పిల్లల పేర్లు అసలే వద్దు.

మీ క్లాసులో ఎవరికైనా అట్లాంటి పేరు పెట్టి ఇప్పటికీ పిలుస్తుంటే, ఇకనుంచి వాడి అసలు పేరుతో పిలవండి. వచ్చే వారం ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.